షాపు పేరుతో ఛార్జింగ్ కేబుల్: ఫ్యాక్టరీ ఆర్డరు ఎంతవరకు నమ్మొచ్చు?

కర్నూలు, అనంతపురం మొబైల్ షాపులకు సొంత పేరుతో కేబుల్ చేసిచ్చే ఫ్యాక్టరీల పనిలో నైలాన్ అల్లిక, డబ్బా, ముద్రణ బాగానే ఉంటాయి. కోత పడేది లోపలి రాగి దగ్గరే.

తీగ మందాన్ని గేజ్‌లో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం. పవర్ తీగలు 24 గేజ్ రాగివైతే మీటరు కేబుల్‌లో 3 ఆంపియర్ల దగ్గర, రానూపోనూ కలిపి అర వోల్టు పోతుంది. 28 గేజ్ అయితే 1.2 వోల్టులు దాటుతుంది. ఫోను తనంతట తానే కరెంటు తగ్గించుకుంటుంది, కస్టమరు "స్లోగా ఎక్కుతోంది" అని వెనక్కి తెస్తాడు. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ మరీ అన్యాయం: నిరోధం ఎక్కువ, మెడ దగ్గర త్వరగా తెగుతుంది. బ్లేడుతో గీరితే లోపల వెండిరంగు బయటపడుతుంది.

అందుకే ఆర్డరులో "ఫాస్ట్ ఛార్జింగ్" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. గేజ్, శుద్ధ రాగి, పొడవు రాయించండి. యూఎస్‌బీ టైప్-ఎ (పాత వెడల్పాటి పిన్ను) నుంచి టైప్-సి కేబుల్‌కు, ఫోను మితిమీరి కరెంటు లాగకుండా చూసే 56 కిలో ఓమ్‌ల రెసిస్టరు, రెండువైపులా సి ఉండి 60 వాట్లు దాటితే, కేబుల్ ఎంత కరెంటు మోయగలదో ఛార్జరుకు చెప్పే ఇ-మార్కర్ చిప్ తప్పనిసరి.

లోగోకు లోహపు తల మీద లేజరే మేలు. రబ్బరు మీది ప్రింటు చేతి చెమటకు చెరిగిపోతుంది. తెలుగు పేరును అవుట్‌లైన్లుగా (ఫాంటు అవసరం లేని గీతల బొమ్మగా) మార్చి పంపండి, లేకపోతే వత్తులు చెదురుతాయి. అంత చిన్న చోట పొడవాటి పేరు ఎలాగూ పూడుకుపోతుంది, రెండు మూడు అక్షరాలు చాలు.

సంతకం చేసిన శాంపిల్ ఒకటి మీ దగ్గర, ఒకటి వాళ్ల దగ్గర ఉండాలి. సరుకు దిగాక వేర్వేరు పెట్టెల్లోంచి తీసి వోల్టులు, ఆంపియర్లు చూపే యూఎస్‌బీ మీటరుతో చూడండి, ఒకదాన్ని కోసి చూడండి. మిగతా డబ్బు ఆ తర్వాతే కట్టండి.