లైనక్స్ హ్యూజ్ పేజీ మైగ్రేషన్ రివ్యూ: నోడ్ మారినా 2 ఎంబీ పేజీ ముక్కలవకుండా ఉంటుందా?

రెండు సాకెట్ల సర్వర్లో నడుస్తున్న డేటాబేస్ మెమరీని ఒక న్యూమా నోడ్ (ఒక సాకెట్, దానికి దగ్గరి మెమరీ) నుంచి ఇంకో నోడ్‌కి తరలిస్తే డేటా ఎలాగూ చేరుతుంది, అందులో అనుమానం లేదు. 2 ఎంబీ పేజీగా బయల్దేరింది అవతల కూడా 2 ఎంబీ పేజీగానే దిగుతుందా, లేక 512 చిల్లర 4 కేబీ పేజీలుగా పడుతుందా అన్నదే చూడాల్సింది. ఎక్స్86-64 సర్వర్ల మీద, 5.9 నుంచి ఇటువైపు కెర్నళ్లలో, ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీల (టీహెచ్‌పీ, అంటే కెర్నల్ తనే చూసుకునే పెద్ద పేజీలు) మైగ్రేషన్‌కి మా మార్కులు ఐదుకి నాలుగు. ఆ ఒక్కటీ చెప్పాపెట్టకుండా పేజీని ముక్కలు చేసే గుణానికి కోశాం.

తేడా ఎంతో చూడండి. స్కైలేక్ సర్వర్ చిప్‌లో రెండో స్థాయి టీఎల్‌బీ (వర్చువల్ అడ్రస్‌కి ఫిజికల్ అడ్రస్ ఏదో గుర్తుంచుకునే క్యాష్)లో 1536 ఎంట్రీలుంటాయి. అన్నీ 4 కేబీ పేజీలైతే అది కప్పేది 6 ఎంబీ. 2 ఎంబీ పేజీలైతే 3 జీబీ. 40 జీబీ బఫర్ పూల్ ఉన్న డేటాబేస్ ముక్కలై దిగితే క్వెరీలు నెమ్మదిస్తాయి, లాగ్‌లో మాత్రం ఒక్క లైనూ కనపడదు.

4.14 కెర్నల్ (2017) ముందు టీహెచ్‌పీని మనం చేత్తో కదపాలంటే ముందు 512 ముక్కలు చేయాల్సిందే. 4.14లో పీఎమ్‌డీ స్థాయి (పేజ్ టేబుల్లో 2 ఎంబీ పేజీని మ్యాప్ చేసే స్థాయి) మైగ్రేషన్ ఎంట్రీ, అంటే 'ఈ పేజీ తరలుతోంది' అన్న గుర్తు, వచ్చింది. ఇప్పుడు పెద్ద పేజీ మ్యాపింగ్ ఉన్న ఒకే ఒక్క గడిలో కెర్నల్ ఆ ఎంట్రీ పెడుతుంది, పాత టీఎల్‌బీ ఎంట్రీని చెల్లకుండా చేస్తుంది, 2 ఎంబీ కాపీ చేసి అదే గడిలో కొత్త ఫిజికల్ అడ్రస్ రాస్తుంది. ఈలోగా ఆ అడ్రస్‌ని ఏ థ్రెడ్ ముట్టుకున్నా పని అయ్యేదాకా ఆగుతుంది. వర్చువల్ అడ్రస్ మారదు, వరుస చెదరదు. 6.3లో పేజీలను గుంపుగా అన్‌మ్యాప్ చేసి టీఎల్‌బీ ఫ్లష్‌లు కలిపేయడం కూడా చేరింది. కోర్లు ఎక్కువున్న యంత్రాల్లో ఇది చాలా మంచి మార్పు.

చిక్కు గమ్యం దగ్గర వస్తుంది. అవతలి నోడ్‌లో వరుసగా 2 ఎంబీ ఖాళీ దొరక్కపోతే, మైగ్రేట్_పేజెస్ సిస్టమ్ కాల్ దారిలో కెర్నల్ పేజీని ముక్కలు చేసి 4 కేబీ పేజీలుగా పంపేస్తుంది. ఆటోమేటిక్ న్యూమా బ్యాలెన్సింగ్ (వాడే థ్రెడ్ దగ్గరికి కెర్నల్ తనే పేజీలు తెచ్చే ఏర్పాటు) దారిలో అలా చేయదు: చోటు లేకపోతే పేజీని ఉన్న నోడ్‌లోనే వదిలేస్తుంది. రెండో పద్ధతే సరైనదని మా అభిప్రాయం. మనం చేత్తో తరలించేటప్పుడు కూడా 'ముక్కలు చేయకు' అని చెప్పే ఫ్లాగ్ ఒకటి ఉండాల్సింది.

కాబట్టి తరలించే ముందే గమ్యాన్ని సిద్ధం చేయాలి. ప్రాక్ కింద బడ్డీఇన్ఫో ఫైల్లో నోడ్ 1 (ఇక్కడ అదే గమ్యం), నార్మల్ జోన్ వరుస చూడండి. జోన్ పేరు తర్వాత 11 అంకెలుంటాయి. పదోది 2 ఎంబీ ఖాళీల లెక్క, పదకొండోది 4 ఎంబీవి, అవి ఒక్కొక్కటి రెండు కింద లెక్క. 40 జీబీకి 20,480 ఖాళీలు కావాలి. చాలకపోతే ఆ నోడ్ సిస్‌ఎఫ్‌ఎస్ డైరెక్టరీలోని కాంపాక్ట్ ఫైల్లో 1 రాయండి. అయితే కాంపాక్షన్ ఉన్న ఖాళీని ఒక చోటికి చేరుస్తుందే తప్ప కొత్తగా పుట్టించదు. నోడ్ నిండా పేజ్ క్యాష్ (మెమరీలో ఉంచిన ఫైళ్ల కాపీలు) ఉంటే ముందు డ్రాప్_క్యాషెస్‌లో 1 రాయాలి. అది మొత్తం యంత్రానికి వర్తిస్తుంది గనక రద్దీ లేని వేళే చేయాలి. ఒక బ్లాక్‌లో కదలని కెర్నల్ పేజీ ఒక్కటున్నా ఆ 2 ఎంబీ పోయినట్టే.

తర్వాత న్యూమాక్టిల్ ప్యాకేజీలోని మైగ్రేట్‌పేజెస్ కమాండ్‌కి పీఐడీ, 0, 1 వరుసగా ఇవ్వండి. టాస్క్‌సెట్‌తో థ్రెడ్లన్నిటినీ నోడ్ 1 కోర్లకు మార్చడం మరవద్దు. లేదంటే బ్యాలెన్సింగ్ పేజీలను మెల్లగా వెనక్కి లాగుతుంది. పనికి ముందూ వెనుకా ప్రాక్ కింద విఎమ్‌స్టాట్ ఫైల్లో టీహెచ్‌పీ_మైగ్రేషన్_సక్సెస్, ఫెయిల్, స్ప్లిట్ అంకెలు రాసిపెట్టుకుని పోల్చండి. ఇవి మొత్తం యంత్రానివి. ఆ ఒక్క ప్రాసెస్ సంగతికి దాని ఎస్‌మ్యాప్స్‌లో అనాన్‌హ్యూజ్‌పేజెస్ చూడాలి.

ముక్కలైపోతే కెహ్యూజ్‌పేజ్‌డీ అనే కెర్నల్ థ్రెడ్ మళ్లీ అతుకుతుంది గానీ డిఫాల్ట్ వేగం దారుణం. 10 సెకన్లకు 4096 పేజీలు, అంటే 16 ఎంబీ. 40 జీబీ ఒక చుట్టు పూర్తవడానికి 7 గంటలు దాటుతుంది. పేజెస్_టు_స్కాన్ 65536కి, స్కాన్_స్లీప్_మిల్లీసెక్స్ 1000కి మారిస్తే స్కాన్ విరామాలు 3 నిమిషాల్లోపుకి వస్తాయి, కాపీ సమయం అదనం. పని అయ్యాక పాత విలువలు తిరిగి పెట్టేయండి. సొంత ప్రోగ్రామ్ అయితే 6.1లో వచ్చిన మ్యాడ్‌వైజ్ కొలాప్స్ ఇంకా మేలు: ఏ అడ్రస్ పరిధి అతకాలో మీరే చెబుతారు, అప్పటికప్పుడే అతుకుతుంది.

ఆర్డీఎమ్ఏకి (నెట్‌వర్క్ కార్డ్ నేరుగా మెమరీ చదివి రాసే పద్ధతి) రిజిస్టర్ చేసిన బఫర్లు, వీఎఫ్‌ఐఓతో డివైస్ అప్పగించిన గెస్ట్ (వర్చువల్ మెషీన్) మెమరీ పిన్ అయి (ఉన్నచోటే బిగించి) ఉంటాయి కాబట్టి అసలు కదలవు. డైరెక్ట్ ఐఓ లాంటి తాత్కాలిక రిఫరెన్స్ ఉంటే కెర్నల్ 10 సార్లు ప్రయత్నించి వదిలేస్తుంది. అలా మిగిలినవాటికి కాసేపాగి మళ్లీ అదే కమాండ్ ఇస్తే చాలు.

ఆర్మ్ సర్వర్లున్నవాళ్లకు 6.8, 6.9 కెర్నళ్లు (2024) కొత్త దారి తెరిచాయి. 64 కేబీ పేజీ అంటే వరుసగా 16 ఎంట్రీలు, వాటి మీద కంటిగ్యువస్ బిట్ (అన్నిటినీ ఒకే టీఎల్‌బీ ఎంట్రీగా చూడొచ్చన్న గుర్తు). 64 కేబీ ఖాళీ 2 ఎంబీ ఖాళీ కంటే చాలా తేలిగ్గా దొరుకుతుంది.

వరుస ఎట్టి పరిస్థితుల్లోనూ చెదరకూడదంటే టీహెచ్‌పీ వద్దు, హ్యూజ్‌టీఎల్‌బీ (ముందే కేటాయించి పెట్టుకునే పెద్ద పేజీలు) తీసుకోండి. 3.12 నుంచి అది కూడా నోడ్లు మారుతుంది. చోటు లేకపోతే కదలదు గానీ ముక్కలు కాదు. నోడ్ 1 ఎన్‌ఆర్_హ్యూజ్‌పేజెస్‌లో 20480 రాశాక అదే ఫైల్ మళ్లీ చదవండి. చోటు చాలకపోతే కెర్నల్ ఎర్రర్ ఇవ్వకుండా దొరికినన్ని మాత్రమే కేటాయిస్తుంది.