కాళ్లు పడిపోయిన మనిషిని విరేచనాల గురించి అడిగిన ఆసుపత్రి

పర్లాకిమిడి నుంచి మా బావగారిని బరంపురంలోని ఈ నరాల ఆసుపత్రికి తీసుకొచ్చేసరికి, ఆయన పాదాలు తిమ్మిరెక్కి, ఇద్దరు పట్టుకుంటే తప్ప మెట్టు ఎక్కలేని స్థితిలో ఉన్నారు. అంతకుముందు చూపించిన చోట నీరసమని చెప్పి, బలానికి సూదిమందు వేసి పంపేశారు. ఇక్కడి డాక్టరుగారు మోకాలి కింద చిన్న సుత్తితో తట్టి, కాలు ఎగరకపోవడం చూసి, ఈ నెల రోజుల్లో విరేచనాలు గానీ జ్వరం గానీ వచ్చాయా అని అడిగారు. ఒక విందులో కోడికూర తిన్నాక రక్తవిరేచనాలతో మంచం పట్టారనీ, అవి పూర్తిగా తగ్గిపోయాయనీ మా అక్క చెప్పింది. అది వినగానే డాక్టరుగారు గులియన్ బారీ సిండ్రోమ్ అనే నరాల జబ్బును అనుమానించారు.

సరిగా ఉడకని కోడిమాంసం, కాచని పాలు, కలుషితమైన నీటి ద్వారా సోకే కాంపైలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా పైపొరకు, మన నరాలలోని కొన్ని పదార్థాలకు పోలిక ఉండటం వల్ల, దాన్ని చంపడానికి శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు నరాల మీదకే తిరగబడతాయని ఆయన తెలుగులోనే ఓపికగా వివరించారు. ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చిన వెయ్యి మందిలో సుమారు ఒకరికే ఇలా అవుతుందట. 2025 జనవరిలో పుణెలో ఎంతోమందికి వచ్చిందని పత్రికల్లో చదివిన జబ్బు ఇదే.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది ఐసీయూ సిస్టర్ల పని. ఈ జబ్బులో నలుగురైదుగురిలో ఒకరికి ఊపిరి కండరాలు బలహీనపడి వెంటిలేటర్ అవసరమవుతుంది కాబట్టి, వారు కొన్ని గంటలకొకసారి వచ్చి, గట్టిగా గాలి పీల్చుకుని ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమని బావగారిని అడిగేవారు. మొదట 30 దాటిన లెక్క మర్నాటికి 16 దగ్గరే ఆగిపోయింది. మా కంటికి ఆయన మామూలుగానే మాట్లాడుతున్నారు, ఆక్సిజన్ మీటరు కూడా సరిగ్గానే చూపిస్తోంది; అయినా సిస్టర్ అర్ధరాత్రి డ్యూటీ డాక్టరును పిలిపించారు. ఈ జబ్బుకు గుర్తుగా వెన్నునీటిలో పెరిగే ప్రొటీన్ మొదటి వారం పరీక్షలో మామూలుగానే ఉండవచ్చు కనుక, అది పెరిగేదాకా ఆగకుండా ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) మొదలుపెట్టారు. చికిత్స తొలి రెండు వారాల్లో అందితేనే ఎక్కువ ఫలితం ఉంటుంది. స్టెరాయిడ్లు ఇవ్వరా అని మేము అడిగితే, ఈ జబ్బుకు అవి పనిచేయవని సూటిగా చెప్పారు. వెంటిలేటర్ అవసరం రాలేదు.

లోపం బిల్లు దగ్గర కనిపించింది. ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల చొప్పున 5 రోజులు ఇస్తారు. అంటే 60 కిలోల మనిషికి మొత్తం 120 గ్రాములు పడుతుంది. ఈ లెక్క మొదటి రోజే తెలిసినా, కౌంటరులో ఏ రోజు సీసాలకు ఆ రోజే డబ్బు కట్టమన్నారు తప్ప మొత్తం ఎంతవుతుందో చెప్పలేదు. పొలం తాకట్టు పెట్టి వచ్చేవాళ్లకు ఆ అంకె ముందుగా తెలియాలి. ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) కూడా దీనికి దీటుగా పనిచేస్తుందని డాక్టరుగారే అన్నారు గానీ, రెండింటి ఖర్చులు పక్కపక్కన పెట్టి చూపించినవాళ్లు లేరు.

ఫిజియోథెరపీ మాత్రం బాగుంది. మంచం మీద ఉండగానే కీళ్లు బిగుసుకోకుండా కదిలించడం నేర్పారు, పాదం వాలిపోకుండా పట్టీ ఇచ్చారు. బావగారు ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నారు. పాదాల నుంచి పైకి పాకే తిమ్మిరితో ఎవరైనా ఉంటే ఇక్కడికి నిస్సంకోచంగా తీసుకురావచ్చు. నరాల వేగం పరీక్ష, ఐసీయూ ఒకే అంతస్తులో ఉన్నాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ మొత్తం ఖర్చును మాత్రం చేర్చుకునే రోజునే కాగితం మీద రాయించుకోండి.