ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టిన కౌన్సెలింగ్: అనంతపురంలోని ఒక కేంద్రం గురించి

ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు స్నేహితులతో కలిసి బీరు తాగుతున్నాడని తెలిశాక, అక్కా బావా వాణ్ణి అనంతపురంలోని ఒక ప్రైవేటు కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకువెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. పిల్లవాడికి నాలుగు మంచి మాటలు చెప్పి పంపుతారని వచ్చిన బావకు అక్కడి పద్ధతి మొదట నచ్చలేదు గాని, ఆ పద్ధతి వల్లే ఈ కేంద్రాన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను.

కౌన్సెలర్ గారు వాడి చేతికి ఒక తెల్లకాగితం ఇచ్చి, ఎవరెవరు కలుస్తారో, డబ్బులు ఎవరు వేసుకుంటారో, సీసా ఎవరు తెస్తారో, వద్దన్నవాణ్ణి ఏమని ఎగతాళి చేస్తారో రాయమన్నారు. తరువాత కాగితం తిప్పి ఇంటి సంగతి రాయమన్నారు. చుట్టాలు వచ్చినప్పుడు సోడాలు, గ్లాసులు ఎవరు అందిస్తారని అడిగితే, బావ నోరు విప్పేలోగానే వాడు "నేనే సార్" అన్నాడు. ఆ తరువాత చాలాసేపు మాటలన్నీ పెద్దవాళ్లతోనే సాగాయి.

ఇంట్లో మన కళ్లముందు కాస్త రుచి చూస్తే బయట తాగడన్న నమ్మకం మనవైపు చాలా ఇళ్లలో ఉంది. తల్లిదండ్రులే మద్యం ఇవ్వడం పిల్లలకు రక్షణ కాదనీ, పదిహేనేళ్ల లోపు మొదలుపెట్టినవారు పెద్దయ్యాక వ్యసనానికి లోనయ్యే అవకాశం ఎక్కువనీ ఆయన ఓపికగా వివరించారు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన ఉన్నా, ఇంటి ఫ్రిజ్‌కు ఆ నిబంధన వర్తించదు కదా! స్నేహితులను పూర్తిగా మానెయ్యమని వాడికి చెప్పకుండా, వాళ్ల మధ్యే ఉంటూ వద్దని ఎలా చెప్పాలో ఎదురుగా కూర్చోబెట్టి పలికించడం నాకు ఎంతో నచ్చింది.

లోపాలూ ఉన్నాయి. వచ్చినవాళ్లంతా ఒకే హాలులో వేచి ఉండాలి. తెలిసినవాళ్లు చూస్తారేమోనని అక్క తలెత్తలేదు. కాలేజీ పిల్లలకు వీలుగా సాయంత్రం వేళలు లేవు. ఫీజు విషయం మాత్రం ముందే స్పష్టంగా చెప్పారు.

వెళ్లేవారు తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్లండి. ఒక్కరే వెళ్తే సగం పనే అవుతుంది. ఖర్చు పెట్టుకోలేనివారు 14446 అనే జాతీయ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు.