తిమోతీ టేలర్ ఏల్‌లు: ల్యాండ్‌లార్డ్ ముందు, మిగతావి తర్వాత

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతంలో, కీథ్లీ పట్టణంలో 1858లో మొదలైన తిమోతీ టేలర్ బ్రూవరీ (బీరు తయారీ సంస్థ) నేటికీ ఆ కుటుంబం చేతుల్లోనే నడుస్తోంది. దీనికి పేరు తెచ్చినది ల్యాండ్‌లార్డ్ అనే పేల్ ఏల్, అంటే లేత రంగు ఏల్ రకం బీరు; 4.3 శాతం ఆల్కహాల్ ఉండే ఈ బీరును గోల్డెన్ ప్రామిస్ రకం బార్లీతో, నోల్ స్ప్రింగ్ అనే ఊట నీటితో తయారుచేస్తారు. పీపా నుంచి చేతిపంపుతో గ్లాసులోకి తీసినప్పుడు ముందుగా నారింజ తొక్క వాసన తగులుతుంది, ఆ వెంటనే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తియ్యదనం, గుటక దిగాక నాలుక మీద కాసేపు నిలిచే పొడి చేదు. పబ్ నేలమాళిగలో, పీపాలోనే మరికొంత పులిసే బీరు కనుక, తొందరపడి ముందే పోసే పబ్‌లో ఇది చప్పగా అనిపిస్తుంది. ఆ లోపం బ్రూవరీది కాదు. ఐసులా చల్లబడిన లాగర్ రకం బీరుకు అలవాటుపడిన మనవాళ్లకు, సుమారు 12 డిగ్రీల దగ్గర అందించే ఈ పానీయం మొదట వింతగా తోచవచ్చు గాని, అంతకంటే చల్లబరిస్తే ఆ పరిమళమంతా అణిగిపోతుంది.

ఇదే బ్రూవరీ తయారుచేసే, 2014లో బ్రిటన్ ఛాంపియన్ బీరుగా ఎంపికైన బోల్ట్‌మేకర్ 4 శాతంతో కాస్త తేలిక. సాయంత్రమంతా కూర్చునేవారికి నేను దీనినే సూచిస్తాను. వీరి మరో ఏల్ గోల్డెన్ బెస్ట్ మృదువైనదే, అయితే నా దృష్టిలో మరీ మెతక. సీసాలోని ల్యాండ్‌లార్డ్ బాగానే ఉంటుంది, కానీ పీపా దొరికే చోట సీసా అడగవద్దు.