బెంగళూరు నుంచి లేపాక్షి ఒకరోజు ప్యాకేజీ: బండి బాగుంది, గుడికిచ్చిన టైమే చాలదు

మారతహళ్ళి, సిల్క్‌బోర్డు, హెబ్బాళ దగ్గర ఎక్కించుకుని శని, ఆదివారాల్లో లేపాక్షి తీసుకెళ్ళే టెంపో ట్రావెలర్లు ఇప్పుడు చాలానే తిరుగుతున్నాయి. వాటిలో తెలుగు గైడుతో సహా అమ్మే ఒక ప్యాకేజీ గురించి ఈ రివ్యూ. పన్నెండు సీట్ల బండి, ఏసీ ఫర్వాలేదు, డ్రైవరు నిదానస్తుడు. 44వ నంబరు హైవే మీద దేవనహళ్ళి, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఎడమకు తిరగాలి. మొత్తం దాదాపు 120 కిలోమీటర్లు. ప్రయాణం వరకూ వంక పెట్టడానికేం లేదు.

చిక్కంతా షెడ్యూలులోనే ఉంది. ముందు నంది కొండ మీద సూర్యోదయం, తర్వాత టిఫిను, ఆపైన లేపాక్షి. వారాంతంలో కొండ మీద బండ్ల రద్దీ తెలిసిందే. గుడి చేరేసరికి పన్నెండవుతుంది. లేపాక్షి గుడి కూర్మశైలమనే రాతిగుట్ట మీద కట్టింది. ఎండెక్కితే ఆవరణలోని బండలు కాలిపోతాయి, చెప్పులేమో బయటే విడవాలి. దాంతో జనం మండపాల నీడ వదిలి బయటికి రారు. వెనకున్న ఏడు పడగల నాగలింగం, సగంలో ఆగిన కల్యాణ మండపం, చీర అంచులకు నమూనాలిచ్చిన లతా మండపం స్తంభాలు... ఇవన్నీ అంగలేసుకుంటూ చూసేసి వచ్చేస్తారు. ఇచ్చిందే గంట, అందులో సగం నేలకు పూర్తిగా ఆనకుండా ఉండే వేలాడే స్తంభం దగ్గర కరిగిపోతుంది.

నాట్య మండపం ఈశాన్యం వైపున్న ఆ స్తంభాన్ని చూడొద్దని కాదు. కింద సందులోంచి తువ్వాలు లాగి చూడటం పిల్లలకు సరదా. పది నిమిషాలు చాలు. ఆ తర్వాత తల పైకెత్తాలి. విజయనగర కాలపు చిత్రలేఖనం ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు చాలా తక్కువ, లేపాక్షి అసలు సంపద ఆ పైకప్పే. రాతి మీద సున్నపు పూత వేసి, ఎర్రమట్టి రంగును నేపథ్యంగా పరిచి, బొమ్మల చుట్టూ నల్లటి గీత గీశారు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, దూడకు న్యాయం చేసిన మనునీతి చోళుడి కథ పొడవాటి పట్టీల్లా సాగుతాయి. కిరాతార్జునీయం పట్టీ దగ్గర కాసేపు నిలబడండి: ఒకే పంది, దాని మీదికి అటు శివుడు, ఇటు అర్జునుడు. స్త్రీల చీరల్లో గళ్ళు, చారలు, అంచుల పనితనం, మగవాళ్ళ నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు చూస్తే పదహారో శతాబ్దంలో మనవాళ్ళు ఏం కట్టుకున్నారో కళ్ళకు కడుతుంది. గర్భగుడి ముందు అర్ధమండపం కప్పు మీద భారీ వీరభద్రుడు, ఆయనకు మొక్కుతూ గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు ఉన్నారు. మన గైడు ఈ బొమ్మ చూపించనే లేదు! గుడి కట్టించినవాళ్ళ రూపాలు అక్కడే కనిపిస్తుంటే, విరూపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకేసి కొట్టాడన్న కథకే పావుగంట పెట్టాడు.

గైడు గొంతు బాగుంది, తెలుగు బాగుంది, పిల్లల్ని ఆకట్టుకుంటాడు. కానీ ఐతిహ్యాన్నీ చరిత్రనూ కలిపేస్తాడు. రాముడు జటాయువును ‘లే పక్షీ’ అన్నాడన్న కథ, విరూపణ్ణ కళ్ళ కథ నమ్మకాలు. అచ్యుతదేవరాయలు (1529–42) ఏలుబడిలో పెనుకొండ అధికారి విరూపణ్ణ ఈ గుడి కట్టించాడన్నది చరిత్ర. రెండూ చెప్పాలి, ఏది ఏదో కూడా చెప్పాలి. శాసనాల ఊసే ఎత్తకపోవడం ఇంకో లోటు. అవి ఎక్కువగా కన్నడంలో ఉన్నాయి. బెంగళూరు బడుల్లో కన్నడం చదివే మన పిల్లలు కొన్ని అక్షరాలైనా పోల్చగలరు, ఆ సంతోషం వేరు.

ఏకశిలా నందికి ప్యాకేజీలో ఇచ్చిన ఇరవై నిమిషాలు సరిపోతాయి. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల పట్టెడ చెక్కిన తీరు దగ్గరికెళ్ళి చూడాలి.

బుక్ చేసేవాళ్ళు బండి మొత్తం మాట్లాడుకుని నంది కొండ తీసేయించండి. హెబ్బాళ ఐదున్నరకు దాటితే ఎనిమిదిన్నరలోపు గుడిలో ఉంటారు. ముందు ఆరుబయట ఉన్నవి, ఎండెక్కాక మండపాలు, చివర్లో నంది. కనీసం మూడు గంటలు అడగండి. కప్పు చూడటానికి చిన్న బైనాక్యులర్ చాలా పనికొస్తుంది. మెడ పట్టేయకుండా ఉండాలంటే స్తంభానికి ఆనుకుని కూర్చుని చూడాలి. ఫ్లాష్ వెయ్యొద్దు, రంగులకు మంచిది కాదు. ఇది పురావస్తు శాఖ కట్టడం కాబట్టి ట్రైపాడ్‌కు ముందుగా అనుమతి తీసుకోవాలి.

డబ్బు కట్టేముందు ఒక్క సంగతి రాతపూర్వకంగా అడగండి: టోలు, ఆంధ్ర సరిహద్దు పన్ను కలిపే చెప్పారా అని. అఖిల భారత పర్మిట్ లేని బండయితే ఆ పన్ను విడిగా కట్టాలి, ముందే తేల్చుకోకపోతే దారి మధ్యలో తలా ఇంతని వసూలు మొదలవుతుంది. బండికి, డ్రైవరుకు ఐదుకు నాలుగు. గైడుకు మూడు. షెడ్యూలుకు ఒకటిన్నర.