‘సేక్రెడ్ గేమ్స్’: పుస్తకం చదవాలా, సిరీస్ చూడాలా?

గాజువాకలో ఉండే మా తమ్ముడు ‘సేక్రెడ్ గేమ్స్’ మొదటి సీజన్‌ను ఒక్క ఆదివారంలో చూసేశాడు. నాకు ఆ నవల చదవడానికి నెలన్నర పట్టింది. అప్పటి నుంచి కలిసినప్పుడల్లా ఇదే తగువు. “ఏటక్కా, ఎనిమిది ఎపిసోడ్లలో అయిపోయే కథకి తొమ్మిది వందల పేజీలేటి?” అంటాడు వాడు. ఈమధ్య తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురు కూడా ఏది మేలని అడిగారు. నా మాట ఇక్కడ చెప్తాను. కథలోని కొన్ని మలుపులు బయటపెట్టక తప్పదు, రెండూ ముట్టనివాళ్లు అది గుర్తుంచుకోండి.

విక్రమ్ చంద్ర ఇంగ్లీషులో రాసిన నవల 2006లో వచ్చింది. దాన్ని నెట్‌ఫ్లిక్స్ హిందీలో తీసింది. మన దేశంలో ఆ సంస్థ తీసిన మొదటి సిరీస్ అదే. మొదటి సీజన్ 2018 జులైలో, రెండోది 2019 ఆగస్టు 15న వచ్చాయి. ముంబయి ఇన్‌స్పెక్టర్ సర్తాజ్ సింగ్‌కు ఒక ఫోన్ వస్తుంది. పెద్ద డాన్ గణేశ్ గాయ్‌తోండే ఎక్కడ దాక్కున్నాడో తెలుస్తుంది. సర్తాజ్ తలుపు పగలగొట్టి లోపలికి వెళ్తాడు, గాయ్‌తోండే తనను తాను కాల్చుకుని చచ్చిపోతాడు. ఎందుకు వచ్చాడు, ఎందుకు చచ్చాడు అనేది మిగతా కథ. చనిపోయినవాడు తన జీవితం తానే చెప్పుకుంటూ పోతాడు. ఇంతవరకు రెండూ ఇంచుమించు ఒకటే.

ముందు సిరీస్‌కు దక్కాల్సింది దక్కాలి. నవాజుద్దీన్ సిద్దిఖీ గొంతు విన్నాక గాయ్‌తోండేను ఇంకోలా ఊహించుకోవడం నా వల్ల కాలేదు. పుస్తకంలో వాడి మాటలు ఇంగ్లీషులో ఉంటాయి, మధ్యమధ్య బొంబాయి మాటలు అర్థం చెప్పకుండానే దొర్లిపోతుంటాయి. మా అపార్ట్‌మెంట్‌లో నేవీ కుటుంబాలు చాలా ఉన్నాయి. కింద ఫ్లాట్‌లో ఉండే మరాఠీ ఆంటీని అడిగి కొన్ని మాటలు తెలుసుకున్నాను. సిరీస్‌లో ఆ అవసరం లేదు. మాట అర్థం కాకపోయినా మొహం చూస్తే చాలు. గోపాల్‌మఠ్ చెత్తదిబ్బ మీద పట్టు కోసం వాడు పోరాడే భాగాన్ని కంటితో చూడాల్సిందే. మొదటి సీజన్‌లో గాయ్‌తోండే కథను అనురాగ్ కశ్యప్, సర్తాజ్ కథను విక్రమాదిత్య మోత్వానే విడివిడిగా తీశారు. ఒకటి వేడిగా, గోలగా ఉంటుంది. రెండోది రాత్రి డ్యూటీలా బరువుగా సాగుతుంది. ఆ తేడా నాకు చాలా నచ్చింది.

ఎపిసోడ్ల పేర్లు కూడా మనవాళ్లకు ఇట్టే అందుతాయి. అశ్వత్థామ, హాలాహల, బ్రహ్మహత్య, యయాతి… మూడోదాని పేరులో వాతాపి కనిపించగానే మా అమ్మ “జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం” అనేసింది. వంటింట్లోంచి పేరు చూసి అన్న మాటే అది, సిరీస్ ఆవిడ చూడలేదు. ఇంట్లో పెద్దవాళ్ల ముందు పెట్టేది కాదు, బూతులూ రక్తమూ ఎక్కువ. పుస్తకంలోనూ అవి తక్కువేం లేవు, కాకపోతే పుస్తకానికి సౌండ్ ఉండదు.

ఇక పుస్తకం. అందులో నా మనసులో నిలిచిపోయిన చోటు గాయ్‌తోండే బంగారం అమ్మడం. పడవ మీద వెళ్లి తెచ్చిన దొంగ బంగారం కోసం సలీం కాకాను చంపేస్తాడు. పని అయిపోయిందనుకుంటాం, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. ఊరూ పేరూ లేని కుర్రాడి చేతిలో బంగారం ఉంటే ఎవడు కొంటాడు? ముందు ఎంత చూపించాలి? ఎదుటివాడు మోసం చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? పరితోష్ షా అనే వ్యాపారితో బేరం కుదిరే వరకు ఆ భయాన్ని పేజీలకు పేజీలు నడిపిస్తాడు రచయిత. మా విశాఖ వన్ టౌన్‌లో కురుపాం మార్కెట్‌కు ఇంటి బంగారం పట్టుకెళ్లి అమ్మినవాళ్లకు ఆ గుబులు తెలుసు. నాన్న ఆపరేషన్‌కని అమ్మ రెండు గాజులు తీసుకెళ్లినప్పుడు నేను పక్కనే ఉన్నాను. షాపాయన గీటురాయి మీద గీసి, తూకం వేసి, తలెత్తకుండా ఒక అంకె చెప్పాడు. సరైన ధరే అయినా అమ్మ చెయ్యి కొంగు వదల్లేదు. ఆ అధ్యాయం చదువుతుంటే ఆ చెయ్యే కనిపించింది. హంతకుడి గురించి చదువుతూ వాడి టెన్షన్ నా టెన్షన్ అయిపోవడం నాకు కొత్త. సిరీస్‌కు ఇంత తీరిక లేదు.

తీరిక లేకపోవడానికి కారణం వాళ్లు పెట్టుకున్న గడియారం. సిరీస్‌లో గాయ్‌తోండే చచ్చే ముందు సర్తాజ్‌తో ఇరవై అయిదు రోజులే ఉన్నాయంటాడు, తర్వాత అందరూ పోతారంటాడు. ఈ గడువు నవలలో లేదు. తెరకు ఇది బాగా పనిచేసింది, ఒప్పుకుంటాను. అమ్మ తరం వారపత్రికలో సీరియల్ చదివి, ‘సశేషం’ దగ్గర ఆగి, వచ్చే గురువారం కోసం ఎదురుచూసిన పద్ధతే ఇది. కానీ ఆ గడియారం మోగడం మొదలయ్యాక సర్తాజ్ మామూలు పోలీసుగా ఉండటానికి వీల్లేదు. ప్రతి అడుగూ ఆ ప్రమాదం వైపే పడాలి.

నవలలో అలా కాదు. మొదట్లోనే ఒక పెంపుడు కుక్కను కిటికీలోంచి విసిరేసిన గొడవకు సర్తాజ్ వెళ్తాడు. సిరీస్‌లోనూ కుక్క పడే దృశ్యంతోనే కథ మొదలవుతుంది. పుస్తకంలో మాత్రం ఆ కుక్క యజమానురాలు, ఎయిర్ హోస్టెస్ కమలా పాండే, తర్వాత బ్లాక్‌మెయిల్ కేసుతో మళ్లీ సర్తాజ్ దగ్గరికి వస్తుంది. నగరానికే ముప్పు ఉందని మనకు తెలుసు, అయినా అతను ఈ చిన్న కేసు కోసం తిరుగుతూనే ఉంటాడు. స్టేషన్‌కు రోజూ వచ్చేవి అవే మరి. తమ్ముడు “అది తీసేస్తే కథకేటి పోద్ది?” అన్నాడు. సర్తాజ్ పోతాడురా అన్నాను.

ఇక్కడే నాకు పెద్ద తేడా కనిపించింది. సైఫ్ అలీ ఖాన్ వేసిన సర్తాజ్ నిజాయితీ వల్ల డిపార్ట్‌మెంట్‌లో ఒంటరైనవాడు. ఫేక్ ఎన్‌కౌంటర్ విషయంలో అబద్ధపు సాక్ష్యం చెప్పమని పై అధికారి పరుల్కర్ ఒత్తిడి చేస్తుంటాడు. సైఫ్ ఆ అలసటను చాలా బాగా చూపించాడు, ఆయన చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే. కానీ నవలలో సర్తాజ్ తానూ చిన్నచిన్న మొత్తాలు తీసుకుంటాడు. పరుల్కర్ డబ్బు సంచులు చేరవేసేది కూడా అతనే. అయినా దయ ఉన్నవాడు. కేసు తేల్చాలన్న పట్టుదల ఉన్నవాడు. ఇలాంటి మనిషిని ఇష్టపడాలా వద్దా అని చదువుతున్నంతసేపూ నలిగిపోయాను. సిరీస్ నన్ను అలా నలగనివ్వలేదు, మొదటి ఎపిసోడ్‌లోనే అతను మంచివాడని తేల్చేసింది.

కానిస్టేబుల్ కాటేకర్ రెండింటిలోనూ చనిపోతాడు. తెర మీద జితేంద్ర జోషి ఆ పాత్రకు ప్రాణం పోశాడు, అందుకే ఏడుపొచ్చింది. పుస్తకంలో చావు తర్వాతి రోజులు కూడా ఉంటాయి. భార్య శాలిని, కొడుకులు రోహిత్, మోహిత్, వాళ్లింటికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియని సర్తాజ్. పోలీసు పోతే ఇంట్లో ఏం మిగులుతుందో ఇంత నెమ్మదిగా, ఇంత దగ్గరగా రాసిన క్రైమ్ కథ నేను ఇంకోటి చదవలేదు.

సిరీస్ కథను మార్చిన చోట్లన్నీ తప్పు అనను. డాన్సర్ కుకూ పాత్రను పెంచి కుబ్రా సైత్‌కు ఇవ్వడం వల్ల గాయ్‌తోండేకు ఒక మెత్తని వైపు దొరికింది. అంజలి మాథుర్‌ను మొదటి సీజన్‌లోనే చంపేయడం మాత్రం నాకు మింగుడుపడలేదు. నవలలో ఆ గూఢచార సంస్థ (‘రా’) అధికారిణి చివరి దాకా ఉంటుంది, ఆమె తెలివితోనే చిక్కుముళ్లు విడతాయి. రెండో సీజన్‌లో పంకజ్ త్రిపాఠీ గాయ్‌తోండే నమ్మిన గురూజీగా కూర్చుని మాట్లాడే సీన్లు చూడొచ్చు. మిగతాది చెదిరిపోయింది. నగరాన్ని ముంచబోయే అణుబాంబు సంగతి తేల్చకుండానే ఆపేశారు. నవలలో గండం గడుస్తుంది, తర్వాత సర్తాజ్ ఎప్పటిలాగే ట్రాఫిక్‌లో పడి స్టేషన్‌కు వెళ్తాడు, ఇంకో రోజు డ్యూటీ మొదలుపెడతాడు. ఆ ఒక్క పేజీ కోసం నెలన్నర పెట్టానన్నా నాకు సమ్మతమే.

కాబట్టి నన్నడిగితే ముందు పుస్తకం. చదివాక మొదటి సీజన్ చూడండి, గొంతులూ మొహాలూ వచ్చి కలుస్తాయి. రెండో సీజన్ లేకపోయినా నష్టం లేదు. ఇంగ్లీషులో అంత లావు పుస్తకం కష్టమనుకునేవాళ్లు, రోజూ షిఫ్టులు చేసి వచ్చి అరగంటకు మించి కూర్చోలేనివాళ్లు మొదటి సీజన్‌తోనే మొదలుపెట్టొచ్చు. అయితే అలా చూసినవాళ్లు తర్వాత పుస్తకం తీసుకుంటే, కథ తెలుసని మొదటి వంద పేజీలు ఎగరేయకండి. బంగారం అమ్మే అధ్యాయం అక్కడే ఉంటుంది.

పోయిన నెల తమ్ముడు నా పుస్తకం పట్టుకెళ్లాడు. నిన్న రాత్రి పదకొండున్నరకు ఫోన్ చేశాడు. కాటేకర్ పోయిన చోటికి వచ్చాడట.

“అక్కా, ఆ పిల్లలిద్దరూ ఏటవుతారు? చెప్పీ.”

“చెప్పను. చదువు” అన్నాను.

పేజీ తిప్పిన చప్పుడు వినిపించింది. ఫోన్ పెట్టేయడం కూడా మర్చిపోయాడు.