షాడ్ థేమ్స్ గిడ్డంగిలో రాత్రికి 340 పౌండ్లు

లండన్‌లో టవర్ బ్రిడ్జికి దక్షిణపు ఒడ్డున షాడ్ థేమ్స్ అని ఒక వీధి ఉంది. పాత గిడ్డంగులన్నీ ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు. అక్కడ 'లగ్జరీ వాటర్‌ఫ్రంట్ లాఫ్ట్' (నీటి ఒడ్డున పాత గిడ్డంగి ఇల్లు) అనే రోజువారీ అద్దె ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవాళ్ళు, ముఖ్యంగా పెద్దవాళ్ళను వెంటబెట్టుకెళ్ళేవాళ్ళు, ఒక్క క్షణం ఆగండి.

మాకు పడింది రాత్రికి 340 పౌండ్లు. మేం కట్టిన రోజు రేటుకి 39 వేల రూపాయల పైమాటే. క్లీనింగ్ ఫీజు 165 వేరే, డిపాజిట్ 250 వేరే. ఫొటోల్లో ఎర్ర ఇటుక గోడలు, లావుపాటి ఇనుప స్తంభాలు, కిటికీ కింద నిండుగా నీళ్ళు. ఆ కిటికీ చూసే మా వారు పడిపోయారు.

ప్రయాణం సుఖంగా జరిగింది. బస్సు దిగి రాళ్ళు పరిచిన ఆ వీధిలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్తుండగా ఇంటి ఓనర్ నుంచి మెసేజ్: 'తాళం పక్క సందులో ఉంది. కింద ఎవరైనా అడిగితే నా స్నేహితులమని చెప్పండి. బుకింగ్ సంగతి ఎత్తకండి.'

తాళం నిజంగానే పక్క సందులో, సైకిళ్ళు కట్టే కమ్మీకి వేలాడుతున్న నంబర్ల పెట్టెలో ఉంది. అలాంటివే అక్కడ ఇంకో నాలుగైదు వేలాడుతున్నాయి. మెసేజ్ చదివి వినిపించాక మా అత్తగారి మొహం మారిపోయింది. "ఇంత డబ్బు పోసి దొంగల్లా దూరడమేమిట్రా?" అన్నారు కొడుకుతో. ఆయన మాట్లాడలేదు. లోపల డెస్క్ దగ్గర ఉన్నాయన ఎవరింటికి అని అడిగేసరికి మా వారు 'ఫ్రెండ్స్' అని గొణిగారు. అంతలో మా చిన్నాడు ఇంగ్లీషులోనే, గట్టిగా, "నాన్నా, ఆ ఫ్రెండ్ పేరేంటి?" అని అడిగేశాడు.

ఆ డెస్క్ ఆయన మర్యాదస్తుడు. మమ్మల్ని ఏమీ అనలేదు. ఈ బిల్డింగ్ లీజులో, అంటే ఫ్లాట్ ఓనర్లు రాసుకునే దీర్ఘకాల ఒప్పందంలో, రోజువారీ అద్దెలకు ఇవ్వకూడదని రాసి ఉందనీ, మీలాంటివాళ్ళు వారం వారం వస్తూనే ఉంటారనీ చెప్పి, అత్తగారి పెట్టె తనే లిఫ్టులో పెట్టాడు. లండన్‌లో 2015 నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది. సొంత ఇల్లయినా సరే, ఏడాదిలో 90 రాత్రులకు మించి ఇలా ఇవ్వాలంటే ప్లానింగ్ అనుమతి తీసుకోవాలి. తప్పు ఓనర్‌ది, తలదించుకుని లిఫ్టెక్కింది మేము. నాకు ఇప్పటికీ మండేది అక్కడే. డబ్బు కట్టేముందు 'మీ లీజు దీన్ని ఒప్పుకుంటుందా' అని రాతపూర్వకంగా అడగండి. జవాబు దాటేస్తే ఆ ఇల్లు వదిలేయండి.

లోపల చూడటానికి అద్భుతంగా ఉంది, అందులో అబద్ధం లేదు. ఇటుకల్లో పాత గిలకల కొక్కేలు అలాగే ఉంచారు. కానీ ఇల్లంతా ఒకటే హాలు. పెద్ద మంచం అటక మీద, దానికి గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు, మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీలే. మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు వాటి వంక చూసి సోఫాలో కూర్చుండిపోయారు, చివరిదాకా ఆ సోఫాయే ఆవిడ పడక. తలుపున్న గది మొత్తం ఇంట్లో బాత్రూమ్ ఒక్కటే. కింద ఎవరు దగ్గినా పైన మెలకువ వస్తుంది. కిటికీలకు ఒంటి అద్దం, పైకప్పు ఎంతో ఎత్తు, హీటర్లు చూస్తే చిన్నవి. వేడంతా అటక మీదికి చేరి పైన మాకు చెమటలు, కింద ఆవిడకు రెండు దుప్పట్లు.

ఇక నీళ్ళు. మా కిటికీ థేమ్స్ మీదికి కాదు, సెయింట్ సేవియర్స్ డాక్ అనే ఇరుకు పాయ మీదికి ఉంది. థేమ్స్‌కి సముద్రపు పోటు ఇక్కడిదాకా వస్తుంది. రోజుకు రెండుసార్లు నీళ్ళు ఎక్కి దిగుతాయి, తేడా ఆరేడు మీటర్ల దాకా ఉంటుంది. ఫొటో తీసింది పోటు మీదున్నప్పుడన్నమాట. మేం తెర తీసేసరికి కింద నల్లటి బురద, అందులో ఒరిగిన ట్రాఫిక్ కోన్ ఒకటి. సాయంత్రానికి నీళ్ళు వచ్చాయి, బాగానే ఉంది. మళ్ళీ తెల్లారేసరికి అదే బురద, అదే కోన్. ఫొటో తీసిన టైమ్ అడగడం కుదరదు గానీ, కిటికీ నది మీదికా, పాయ మీదికా అని అడగొచ్చు. పోర్ట్ ఆఫ్ లండన్ వాళ్ళు పోటు వేళలు ముందే ప్రకటిస్తారు.

వీధిని మాత్రం ఏమీ అనలేను. ఈ వీధిలోని బట్లర్స్ వార్ఫ్ గిడ్డంగులు 1870లలో కట్టినవి. ఓడల మీద వచ్చిన టీ, సుగంధ ద్రవ్యాలు ఇక్కడే దించేవారు. నది ఒడ్డు గోదాముల నుంచి వెనక వరుస గోదాముల్లోకి సరుకు దొర్లించడానికి వీధికి అడ్డంగా, తలల మీద కట్టిన ఇనుప వంతెనలు ఇంకా ఉన్నాయి. 1972లో గోదాములు మూతపడి, 1980లలో ఫ్లాట్లయ్యాయి. భవనాల పేర్లు దాల్చినచెక్క, ఏలకులు, లవంగాలు, ధనియాలు. మనవరాలు ఒక్కొక్కటీ చదివి చెబుతుంటే అత్తగారు మొదటిసారి నవ్వి, "ఇది వీధి కాదమ్మా, పోపులపెట్టె" అన్నారు. అదంతా పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు. టవర్ బ్రిడ్జి రెక్కలు లేవడం కూడా అంతే. ఏడాదికి దాదాపు 800 సార్లు లేస్తుంది, వేళలు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉంటాయి. ఒక పడవ కోసం బస్సులన్నీ ఆగిపోతే పిల్లలు గెంతులేశారు. టికెట్ కొని చూసే టవర్ ఆఫ్ లండన్ కోట, అందులోని కోహినూర్ కిరీటం ఒక పూట.

అలాంటి వీధిలో ఆ రాత్రే పప్పుకి పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడాయో లేదో పొగ అలారం మోత మొదలైంది. హాలు, వంటిల్లు, పడక అన్నీ ఒకటే అయితే పొగ ఎక్కడికి పోతుంది? మా వారు కుర్చీ ఎక్కి దుప్పటితో విసురుతూ, "ఎవరు పెట్టమన్నారు పోపు?" అని నా మీద ఎగిరారు. నేనూ ఊరుకోలేదు. అత్తగారు మధ్యలో ప్లేటు పట్టుకుని పెరుగన్నం తినేశారు.

తర్వాత పది నిమిషాల నడకలో మామూలు హోటల్‌కి మారిపోయాం. గదికి 128 పౌండ్లు, రెండు గదులకి 256. కిటికీలోంచి బస్‌స్టాప్ కనిపిస్తుంది. కానీ తలుపులున్నాయి, లిఫ్ట్ ఉంది, ఎవరి స్నేహితులమో చెప్పక్కర్లేదు. మా వారు రెండో రోజు కూడా కిటికీ దగ్గర నిలబడి 'వ్యూ లేదు' అన్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరే వెళ్ళి, వంట జోలికి పోకుండా ఉంటామంటే ఆ లాఫ్ట్ బాగానే ఉంటుందేమో. నలుగురికి పైబడితే హోటలే నయం.

165 పౌండ్ల క్లీనింగ్ ఫీజు తీసుకుని కూడా దుప్పట్లు తీసి మడతపెట్టి, చెత్త కిందికి దించి వెళ్ళమన్నారు. చేశాం. అయినా తెల్లరాయి గట్టు మీద పసుపు మరక పడిందని డిపాజిట్‌లో 75 పౌండ్లు కోసుకున్నారు. వాళ్ళు పంపిన ఫొటోలో మరక చిటికెన వేలి గోరంత. మా వారు మెయిళ్ళ మీద మెయిళ్ళు పెడితే 45 వెనక్కి వచ్చాయి. మిగతా 30 కోసం ఇంకా రాస్తూనే ఉన్నారు.